ఇల్లూ యంత్రాలూ: పెట్టె కూత పెడితే...

ఇంట్లో మిక్సీ పాడైందనుకోండి. ఆ పూటకి పచ్చడి రోట్లో నూరుకుంటాం. మర్నాడు మెకానిక్కుకి చూపిస్తాం, లాభం లేదని అతను పెదవి విరిస్తే ఇంకొకటి కొనుక్కుంటాం. ఫాను గాని, ఫ్రిజ్జి గాని అంతే. డబ్బు ఖర్చవుతుంది, మనసు కాస్త నొచ్చుకుంటుంది, నాలుగు రోజులు పోయాక ఆ సంగతే మరచిపోతాం. కాని ఈమధ్య చాలా ఇళ్లల్లోకి ఒక కొత్త యంత్రం వచ్చి చేరింది. అది పాడైతే దాని ఖరీదు గురించి ఎవరూ అంతగా విచారించరు. దానిలో దాచుకున్న వాటిని తలుచుకుని గుండె బాదుకుంటారు.

నేను చెబుతున్నది "నాస్" అని పిలిచే పెట్టెను గురించి. రెండు లావుపాటి నిఘంటువులు పక్కపక్కన నిలబెట్టినంత ఉంటుంది. దానిలో రెండో నాలుగో హార్డ్ డిస్కులుంటాయి. దాన్ని ఇంట్లోని వైఫై రూటరుకి ఒక తీగతో తగిలిస్తారు. ఇక ఇంటిల్లిపాదీ తీసిన ఫోటోలు, పెళ్లి వీడియోలు, ఇంటి దస్తావేజుల నకళ్లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ వెళ్లి అందులో చేరుతూంటాయి. పూర్వం ప్రతి ఇంటా ఒక భోషాణం ఉండేది చూడండి, ఇది ఈ కాలపు భోషాణమన్నమాట.

రాజమహేంద్రవరం నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం చదివాక ఈ వారం ఇంకే విషయమూ వ్రాయబుద్ధి కాలేదు. ఆమె భర్త నాలుగేళ్ల క్రితం పోయారు. ఆయన ఓపికమంతుడు. పాత కేసెట్లలో ఉన్న ఆమె తల్లిగారి మంగళహారతులన్నీ ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కించి, ఇరవై ఏళ్ల ఫోటోలు ఏడాదివారీగా సర్ది, ఆ పెట్టెలో పెట్టి వెళ్లారు. కొడుకు డాలస్ లో, కూతురు పూణేలో. ఒక తెల్లవారుజామున ఆ పెట్టె ఉన్నట్టుండి కీచుమని కూయడం మొదలుపెట్టింది. ముందున్న రెండు దీపాలలో ఒకటి ఎర్రగా వెలుగుతున్నది. పక్కింటి కుర్రవాడు వచ్చి చూసి, "ఏముందండీ పిన్నిగారూ, ఆ డిస్కు ఊడదీసి, ఫార్మాట్ చేసి మళ్లీ పెట్టేస్తే సరి" అన్నాడట. కుర్రవాడిది మంచి మనసే, సాయం చేద్దామనే అన్నాడు. ఆమెకి మాత్రం చెయ్యి ఆడలేదు. "అందులో మా అమ్మ గొంతు ఉంది. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

ఆమెకు ఆ రోజే జవాబు పంపాను. అదే జవాబు ఇంకాస్త వివరంగా మీ అందరి కోసం ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందు ఆ పెట్టెలో ఏముంటుందో తెలుసుకుంటే సగం భయం పోతుంది. మొట్టమొదటి హార్డ్ డిస్కును 1956లో ఐబీఎం కంపెనీ వారు అమెరికాలోని శాన్‌హోసేలో తయారుచేశారు. రెండడుగుల వెడల్పున్న పళ్లేలు 50, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. బరువు టన్ను పైచిలుకు. ఇంతా చేసి దానిలో పట్టేది 50 లక్షల అక్షరాలు. అంటే నేటి సెల్‌ఫోను తీసే ఒక్క ఫోటోకే దాదాపు సరిపోతుంది! ఈనాడు అరచేతిలో ఇమిడే డిస్కులో అటువంటి ఫోటోలు లక్షలకొద్దీ పడుతున్నాయి.

పరిమాణం తగ్గింది గాని పద్ధతి మాత్రం అదే. నున్నటి పళ్లేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో గిర్రున తిరుగుతూంటాయి. 7200 చుట్లు తిరిగే పళ్లెం అంచు గంటకు 120 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతూంటుందన్నమాట. ఆ పళ్లెం మీద వ్రాసేది, చదివేది ఒక చిన్న ముల్లు. అది పళ్లేన్ని తాకదు, తాకకూడదు. మన తలవెంట్రుక మందంలో దాదాపు పదివేల వంతు ఎడంలో గాలి మీద తేలుతూంటుంది. పగలూ రాత్రీ అలా ఏళ్ల తరబడి తేలడం ఆశ్చర్యం గాని, ఎప్పుడో ఒకనాడు తగలడంలో ఆశ్చర్యమేముంది? అంచేత ఒక్క మాట గుర్తుంచుకోండి: ఏ హార్డ్ డిస్కయినా ఏదో ఒకరోజు ఆగిపోవలసిందే. ఎప్పుడన్నదే తెలియదు.

అందుకనే పెట్టెలో రెండేసి, నాలుగేసి డిస్కులు పెడతారు. ఈ ఏర్పాటుకి "రెయిడ్" అని పేరు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక వ్యాసం వ్రాసి ఆ పేరు పెట్టారు. రెండు డిస్కులుంటే ఒకదాన్లో వ్రాసిందే రెండోదాన్లోనూ వ్రాస్తారు, అద్దంలో నీడలాగా. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. మూడో నాలుగో ఉంటే ఇంకొంచెం తెలివైన పద్ధతి ఉంది. మొదటి డిస్కులో 4, రెండోదాన్లో 7 వ్రాసి, మూడోదాన్లో వాటి మొత్తం 11 వ్రాసి పెట్టుకున్నారనుకోండి. రెండో డిస్కు పోయింది. అయితేనేం, 11లోంచి 4 తీసేస్తే 7 మళ్లీ దొరుకుతుంది. యంత్రం వేసే లెక్క తీరు కాస్త వేరు, సూత్రం మాత్రం ఇదే. కాని రెండు ఒకేసారి పోతే మాత్రం 11 ఒక్కటే పట్టుకుని ఏం తేల్చగలం?

ఎర్ర దీపం వెలిగినప్పుడు పరిస్థితి సరిగ్గా ఇది: ఒకటి పోయింది, లేదా పోబోతున్నది, మీ సొత్తు అంతా మిగిలిన దాని మీద ఆధారపడి ఉన్నది. ఇల్లు ఇంకా నిలబడే ఉంది గాని ఒక స్తంభం మీద నిలబడింది. అప్పుడు మన చేష్టల వల్ల ఆ రెండో స్తంభం కదలకుండా చూసుకోవడమే అసలు పని.

ఇక వరుసగా చెబుతాను.

మొదటిది: తొందరపడి దేన్నీ ఊడదియ్యవద్దు. పెట్టె స్విచ్చి టకటకా ఆపి వెయ్యవద్దు. కూత వినలేకపోతే దాని తెర మీద కూత ఆపే మీట ఉంటుంది, అది నొక్కండి. కంప్యూటరులో ఆ పెట్టె పేజీ తెరవగానే "ఇనిషియలైజ్ చెయ్యమంటారా?", "ఫార్మాట్ చెయ్యమంటారా?" అని అడిగితే పొరపాటున కూడా సరేననవద్దు. అది "ఇల్లు ఖాళీ చేసి సున్నం వేయించమంటారా?" అని అడగడం లాంటిది. మరమ్మతని మనం అనుకుంటాం. అది సామానంతా వీధిలో పారేస్తుంది.

రెండవది: పెట్టె ఇంకా ఫోటోలు చూపిస్తున్నదా? అయితే ముందు ముఖ్యమైనవాటిని మరో చోటికి ఎక్కించుకోండి. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తెచ్చి, మళ్లీ దొరకనివాటిని మొదట తీసుకోండి. సినిమాలు మళ్లీ దొరుకుతాయి. అమ్మ గొంతు దొరకదు. కొత్త డిస్కు తగిలించడం ఈ పని అయిన తరువాతే. ఎందుకంటారా? కొత్త డిస్కు పెట్టగానే యంత్రం మిగిలిన పాత డిస్కును మొదటినుంచి చివరిదాకా చదివి దానిలోకి ఎక్కించాలి. 8 టెరాబైట్ల డిస్కయితే సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున ఆగకుండా చదివినా దాదాపు 15 గంటలు పడుతుంది. రెండు డిస్కులూ ఒకేరోజు కొన్నవైతే వాటి వయసూ ఒకటే, పడ్డ శ్రమా ఒకటే. ముసలి ఎద్దు చేత ఒక్కరోజులో చెలకంతా దున్నించినట్టు, ఆ శ్రమలోనే రెండోది కూలబడటమూ ఉంది.

మూడవది: అసలు జబ్బేమిటో చూడండి. ప్రతి హార్డ్ డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఒక చిట్టా వ్రాసుకుంటుంది. దానికి "స్మార్ట్" అని పేరు. పెట్టె పేజీలో నిల్వకు సంబంధించిన చోట అది కనిపిస్తుంది. అందులో బోలెడన్ని అంకెలుంటాయి, అన్నీ చూసి కంగారుపడనక్కరలేదు. నాలుగు వరుసలు చూస్తే చాలు. 5వ నంబరు వరుస, చెడిపోయిన గదులకు బదులుగా ఎన్నిటిని అట్టేపెట్టిన గదులలోకి మార్చిందో చెబుతుంది. 197, చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం ఎదురుచూస్తున్న గదుల లెక్క. 198, చదవలేమని తేలిపోయినవి. ఈ మూడింటా సున్నా ఉండాలి. సున్నా కాక ఏదైనా ఉండి, రోజురోజుకీ పెరుగుతూంటే ఆ డిస్కు మీద ఆశ వదులుకోవచ్చు.

నాలుగోది 199. ఇది పెరిగితే డిస్కును తిట్టకండి! డిస్కుకీ పెట్టెకీ మధ్య కబురు సరిగా అందడం లేదని దాని అర్థం. తీగో, అతుకో వదులై ఉంటుంది. పెట్టెను పద్ధతిగా ఆపి, డిస్కును తీసి, అతుకు దగ్గర దుమ్ము తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెడితే చాలాసార్లు సరిపోతుంది. ఈ అంకె ఒకసారి పెరిగితే మళ్లీ తగ్గదు, అంచేత ఉన్నందుకు భయపడక్కరలేదు. ఇవాళ ఎంతుందో కాగితం మీద వ్రాసుకుని, వారం తరువాత చూడండి. కదలకపోతే జబ్బు కుదిరినట్టే.

చిట్టా శుభ్రంగా ఉంటే డిస్కు నిక్షేపంగా ఉన్నట్టేనా? అలా నమ్మడానికి లేదు. గూగుల్ కంపెనీ వారు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక నివేదిక ప్రకటించారు. చదవలేని గది మొదటిసారి బయటపడిన డిస్కు, ఆ తరువాత 60 రోజుల్లో పోయే ప్రమాదం అటువంటి గదులు లేనివాటికంటె 39 రెట్లు ఎక్కువని తేలింది. మరో పక్క, పోయిన డిస్కులలో 36 శాతానికి పైగా, వేడి మాట అటుంచితే, ఏ హెచ్చరికా చేయకుండానే పోయాయి. గుండెజబ్బు మనిషికి లాగానే కొన్నిటికి ముందే ఆయాసం వస్తుంది, కొన్ని నవ్వుతూ మాట్లాడుతూనే ఒరిగిపోతాయి.

నాలుగవది: చెవి పెట్టి వినండి. గిర్రుమనే సన్నటి చప్పుడు సహజం. కాని గడియారంలాగా టిక్కు టిక్కుమని ఒకే తీరున కొట్టుకుంటూంటే, లేదా బరబరా గీకుతున్న చప్పుడు వస్తే, అక్కడితో ఆపండి. ముల్లు దారి తప్పింది, లేదా పళ్లేన్ని గీరుతున్నది. "ఇంకొక్కసారి వేసి చూద్దాం" అన్నప్పుడల్లా కొంత సొత్తు పొడి అయి పోతూంటుంది.

ఐదవది: మార్చవలసిన డిస్కు ఏదో రూఢి చేసుకోండి. ఇక్కడే ఎక్కువ ఇళ్లు మునుగుతాయి. ఒకటో నంబరు ఎడమ పక్కదా, కుడి పక్కదా? పైదా, కిందిదా? ఒక్కో పెట్టెకు ఒక్కో తీరు. ప్రతి డిస్కు నెత్తిన ఒక సీరియల్ నంబరు అచ్చువేసి ఉంటుంది. పెట్టె పేజీలో జబ్బుపడిన డిస్కు సీరియల్ నంబరు కనిపిస్తుంది. రెండూ అక్షరం అక్షరం సరిచూసుకోండి. పెట్టె బాగున్న రోజునే ఆ నంబర్లు చీటీల మీద వ్రాసి పైన అతికించుకుంటే ఇంకా మంచిది. ఉన్న ఒక్క మంచి డిస్కును ఊడదీసి, చచ్చినదాన్ని లోపల ఉంచితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఆరవది: కొత్త డిస్కు పాతదాని పరిమాణమే అయినా ఉండాలి, ఎక్కువైనా ఉండాలి. కొనేముందు ఒక్క సంగతి అడగండి. కొన్ని డిస్కులలో ఎక్కువ పట్టడానికని గీతలను పెంకుటింటి మీద పెంకుల్లాగా ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కించి వ్రాస్తారు. ఒక పెంకు మార్చాలంటే దాని పక్క పెంకులన్నీ కదపాలి గదా! వీటిని "ఎస్సెమ్మార్" డిస్కులంటారు. రెయిడ్ పెట్టెలో ఇవి పెడితే తిరిగి ఎక్కించే పని గంటల్లో తేలవలసింది రోజులు పట్టవచ్చు. ఒక్కోసారి పెట్టె విసిగి డిస్కునే వెలివేస్తుంది. 2020లో ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా అమ్మారని కొన్నవాళ్లంతా గగ్గోలు పెట్టాక కంపెనీలు తమ జాబితాలు బయటపెట్టాయి. "సీయెమ్మార్ డిస్కే కావాలి, నాస్ కోసం" అని అడిగి తీసుకోండి. ఇటువంటి డిస్కులకు సాధారణంగా 3 ఏళ్లో 5 ఏళ్లో వారంటీ ఉంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్ లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకి వెళ్లినా, ఇంట్లో కూర్చుని తెప్పించుకున్నా బిల్లు మాత్రం భద్రంగా ఉంచుకోండి.

ఇంతవరకూ ఒక డిస్కు పోతే చెయ్యవలసింది చెప్పాను. ఒకేరోజు రెండూ పోయాయని పెట్టె చెబితే? అప్పుడు ఇంకా నిదానం కావాలి. కవలపిల్లలకు ఒకేసారి జ్వరం వస్తే తల్లి ఏమనుకుంటుంది? ఇద్దరూ తిన్నదేమిటని ఆలోచిస్తుంది. ఇక్కడా అంతే. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో దాన్ని ముందు అనుమానించాలి.

మా ఇంట్లోనే జరిగిన సంగతి. పోయిన వేసవిలో మా పెట్టె రాత్రిళ్లు రెండు డిస్కులూ కనబడటం లేదని చెప్పేది, తెల్లారేసరికి రెండూ ఉన్నాయనేది. మా వారు రెండు కొత్త డిస్కులు తెప్పిద్దామన్నారు. స్మార్ట్ చిట్టా చూస్తే రెండూ సున్నాలే. నిడివి పరీక్ష పెట్టాం. అది పూర్తి కావడానికి చాలా గంటలు పడుతుంది, రెండూ నెగ్గాయి. ఆ రాత్రి పెట్టె పక్కన కూర్చుని విన్నాను. డిస్కులు గిర్రుమని లేచి, సగంలో నీరసించి ఆగి, మళ్లీ లేస్తున్నాయి. పళ్లేలు నిశ్చలంగా ఉన్నదశ నుంచి తిరగడం మొదలుపెట్టేటప్పుడే ఎక్కువ కరెంటు కావాలి. గోడకి తగిలించిన నల్లటి అడాప్టరు ముట్టుకుంటే చెయ్యి కాలింది. దానిమీద 12 వోల్టులని వ్రాసి ఉంది గాని, అంత బలం ఇచ్చే ఓపిక దానికి లేదు. వోల్టులు, ఆంపియర్లు, కొస పిన్ను అన్నీ సరిపోయే కొత్త అడాప్టరు ఆ పెట్టె చేసినవారి దగ్గరనుంచే తెప్పించి తగిలించాం. ఈ వ్రాస్తున్న క్షణం దాకా ఆ డిస్కులు మళ్లీ మాయమవలేదు. రెండు డిస్కుల డబ్బు మిగిలింది.

అడాప్టరూ బాగుండి, అతుకులూ బాగుండి, నిజంగానే రెండు డిస్కులూ చెడితే మాత్రం ఇంటి వైద్యం కట్టిపెట్టాలి. బలవంతంగా రెయిడ్ మళ్లీ కట్టే ప్రయత్నం చెయ్యకండి. తెలిసినవారెవరైనా ఉంటే, కొనఊపిరితో ఉన్న డిస్కును యథాతథంగా ఒక కొత్త డిస్కులోకి నకలు తీసి, ఆ నకలు మీదే ప్రయోగాలన్నీ చేస్తారు. "డీడీరెస్క్యూ" అనే ఉచిత ప్రోగ్రాము ఇందుకే ఉన్నది. బాగున్న చోట్లు ముందు చదివేసి, మొండికేసిన చోట్లకు చివర్న తిరిగి వస్తుంది. టిక్కు టిక్కుమనే డిస్కుకు అదీ పనికిరాదు. దానిని దుమ్ములేని గదిలో విప్పి చూసేవారి దగ్గరకు పంపాలి. ఖర్చు బాగా అవుతుంది. ఫలితం దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వరు.

రాజమహేంద్రవరం సోదరి ఏం చేశారో చెప్పనే లేదు. కుర్రవాణ్ణి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, డాలస్ లో ఉన్న కొడుకును ఫోనులో పిలిచారు. అతను అక్కడినుంచి, ఇతను ఇక్కడినుంచి చిట్టా చదువుకున్నారు. ఒకటో నంబరు డిస్కులో 5వ వరుసలో 48, 197వ వరుసలో 16 ఉన్నాయి. రెండోది శుభ్రం. మొదట హారతులు, తరువాత ఫోటోలు ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కించారు. కొత్త డిస్కు వచ్చాక సీరియల్ నంబరు చూస్తే, కుర్రవాడు మొదటిరోజున ఊడదియ్యబోయింది రెండో నంబరు డిస్కని తేలింది! వాళ్ల పెట్టెలో లెక్క కుడినుంచి మొదలవుతుందట. 4 టెరాబైట్ల డిస్కు, తొమ్మిది గంటలకు పని పూర్తయి రెండు దీపాలూ పచ్చగా వెలిగాయి. "ఆ రాత్రి హారతి పెట్టుకుని విన్నాను" అని మాత్రం వ్రాశారు. ఆ కుర్రవాడే ఇప్పుడు వాళ్ల వీధిలో అందరి పెట్టెలకూ నంబర్ల చీటీలు అతికిస్తున్నాడట.

ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టవుతుంది. చాలామంది "మా ఇంట్లో రెండు డిస్కులున్నాయి, మాకు బ్యాకప్పు ఉన్నట్టే" అంటారు. లేదు. అద్దం ముందు కుండ పగిలితే అద్దంలో కుండా పగులుతుంది. మనవడు తెలియక ఒక ఆల్బం చెరిపేస్తే రెండు డిస్కులలోనూ అదే క్షణాన చెరిగిపోతుంది. పిడుగు పడితే, దొంగ ఎత్తుకుపోతే, గోదావరి ఇంట్లోకి వస్తే రెండూ కలిసే పోతాయి. 2021, 2022 సంవత్సరాల్లో ఇటువంటి ఇంటి పెట్టెలనే వెతికి, ఇంటర్నెట్టు దారిన దూరి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజిన దొంగ ప్రోగ్రాములు కూడా వచ్చాయి.

పెద్ద పెద్ద వాళ్లకే తప్పలేదిది. పిల్లలకిష్టమైన "టాయ్ స్టోరీ 2" సినిమా తయారవుతూన్న రోజుల్లో, 1998లో, పిక్సార్ సంస్థ కంప్యూటర్లలో ఎవరో ఒక ఆజ్ఞ టైపు చేయడంతో బొమ్మలన్నీ ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది. బ్యాకప్పు ఉంది గదా అని తీసి చూస్తే, అది కొంతకాలంగా సరిగా పనిచెయ్యడమే లేదు! ఎవరూ పరీక్షించి చూడలేదు. అప్పుడు గాలిన్ సుస్మాన్ అనే సాంకేతిక అధికారిణికి ఒక సంగతి గుర్తుకొచ్చింది. ఆమె అప్పుడే బిడ్డను కన్నది. ఇంటినుంచి పని చేసుకోవడానికని సినిమా నకలు ఒకటి ఇంట్లోని కంప్యూటరులో ఉంచుకున్నది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారు వెనకసీటు మీద కూర్చోబెట్టి ఆఫీసుకి తెచ్చారు. సినిమా దక్కింది. పసిబిడ్డ ఉన్న ఇల్లు కోట్ల రూపాయల చిత్రాన్ని కాపాడిందన్నమాట.

దీనిలోంచి మనం నేర్చుకోవలసిన లెక్క 3, 2, 1. పీటర్ క్రో అనే ఫోటోగ్రాఫరు దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. నకళ్లు 3 ఉండాలి, 2 రకాల వస్తువుల మీద ఉండాలి, వాటిలో 1 ఇంటికి దూరంగా ఉండాలి. మధ్యతరగతి ఇంటికి ఇదేమీ భారం కాదు. పెట్టెలో ఒకటి, నెలకోసారి తగిలించి ఎక్కించి, తీసి బీరువాలో పెట్టే ఎక్స్‌టర్నల్ డిస్కు రెండోది, పుట్టింట్లోనో, అన్నయ్యగారింట్లోనో, అద్దె కట్టి ఇంటర్నెట్టులోనో ఉంచుకునేది మూడోది. ఏడాదికి రెండుసార్లు ఆ నకలు తెరిచి నాలుగు ఫోటోలు చూడండి, ఒక పాట వినండి. తెరవని బ్యాకప్పు, రుచి చూడని ఊరగాయ జాడీ ఒకటే. మూత తీసేదాకా బూజు సంగతి తెలియదు.

ఇక ఉత్తరాల్లో వచ్చిన మరికొన్ని ప్రశ్నలు:

ఆగిపోయిన డిస్కును ఫ్రిజ్జిలో పెడితే బాగవుతుందంటారు, నిజమేనా? (గుంటూరు)

వద్దమ్మా. బయటికి తీయగానే లోపల చెమ్మ పట్టి, ఉన్న కాస్త ఆశా పోతుంది. బియ్యం డబ్బాలో పెట్టడమూ అంతే. ఫ్రిజ్జిలో కూరలుంచండి.

మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పెట్టెకు ప్రమాదమా? (ఆదిలాబాద్)

వ్రాస్తూండగా కరెంటు పోవడం పెట్టెకు మంచిది కాదు. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. చాలా పెట్టెలకు దానితో యూఎస్బీ తీగ కలిపితే, బ్యాటరీ అడుగంటే ముందు తమంతట తామే పద్ధతిగా ఆగిపోతాయి. పెట్టెను గాలి ఆడేచోట ఉంచండి. వంటింటి గోడ పక్కనా, దేవుడి మందిరం పొగ తగిలేచోటా వద్దు. డిస్కులు 60 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయని తయారుచేసినవారంటారు. నేను మాత్రం 45 దాటనివ్వను.

వారంటీ కింద పాత డిస్కు తిరిగి ఇస్తే మా ఫోటోలు పరాయివాళ్లు చూడరా? (హైదరాబాద్)

మంచి అనుమానమే. మొదట్లోనే పెట్టెలో ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని ఉంటే భయంలేదు. తాళంచెవి మాత్రం జాగ్రత్త. లేకపోతే, డిస్కు పలుకుతున్నంతలో పూర్తిగా తుడిచి ఇవ్వండి. పలకకపోతే, అందులోవి మరీ గుట్టైనవైతే, వారంటీ వదులుకుని డిస్కుకు రంధ్రాలు పొడిపించడమే మేలు.

తిరిగే డిస్కులు మానేసి ఎస్సెస్డీలు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు గదా? (శాన్‌హోసే, కాలిఫోర్నియా)

మొదటి హార్డ్ డిస్కు పుట్టిన ఊరినుంచే ఈ ప్రశ్న రావడం సంతోషం! ఎస్సెస్డీలో తిరిగేవీ, గీరుకునేవీ ఏవీ లేవు, నిజమే. కాని వ్రాయగా వ్రాయగా అదీ అరుగుతుంది, పోయేటప్పుడు తరచు చప్పుడు చేయకుండా పోతుంది. పట్టే పరిమాణానికి ధర కూడా ఎక్కువే. అది పెట్టుకున్నా 3, 2, 1 తప్పదు.

ఈ ఆదివారం భోజనాలయ్యాక ఒక్క గంట తీరిక చేసుకోండి. పెట్టెలోని డిస్కుల సీరియల్ నంబర్లు వ్రాసుకోండి, స్మార్ట్ చిట్టా చూడండి, ఏదైనా తేడా వస్తే మీ ఫోనుకు కబురు పంపేలా పెట్టెలో ఏర్పాటు చేయండి, ఇంట్లో పెద్దవాళ్ల గొంతులున్న ఫైళ్లను మరో చోటికి ఎక్కించండి. దీపం పచ్చగా ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.

వచ్చే వారం: ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు ఎప్పుడు, ఎంత పొయ్యాలి?